పెంటయ్య ముంచిన పడవ

మా నాయనమ్మ కిష్టమ్మ దుర్గం చెరువు చేప తినేది కాదు. బెస్తింట్లో పుట్టి, బెస్తింటికే కోడలై వచ్చి, చెరువు ఒడ్డునే ముసలిదైన మనిషి ఆమె. మిగతావాళ్ల కోసం ఆ చేప వండేటప్పుడు కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఎందుకని అడిగితే కసురుకునేది. నేను మొండివాణ్ని, వదల్లేదు. ఏళ్ల తరబడి సతాయిస్తే ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆమె చెప్పింది మా తాత పెంటయ్య కథ.

ఇప్పుడు ఆ చెరువు మీద తీగల వంతెన ఉంది. సాయంత్రమైతే మాదాపూర్ ఆఫీసుల పిల్లలు దాని మీద నిలబడి ఫోటోలు దిగుతారు. కింద నీళ్లలో దయ్యం ఉందని, పొద్దున్నే ఎవరూ లేని చోట దగ్గు వినిపిస్తుందని వాళ్లలో ఎవరో పుట్టించారు. దయ్యమట, వీళ్ల మొహం. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ దగ్గు ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకు పేరుంది, ఇల్లుంది, కూతురుంది.

ఆయన పేరు గులాం దస్తగిరి. గోల్కొండ కోట లోపల ఉండేవాడు. సర్కారు సర్వే దఫ్తరులో నౌకరీ చేసి పింఛను తీసుకుంటున్న మనిషి. భార్య పోయింది. ఒక్కతే కూతురు జైనబ్, షోలాపూర్‌లో అత్తారింట్లో ఉండేది. సాబ్‌కు ఉబ్బసం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి దగ్గుకునేవాడు. పడుచుతనంలో బొంబాయిలో ఉన్నప్పుడు, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చే పాయల్లో సన్నగాలం వేయడం మరిగాడు. సముద్రం వదిలి వచ్చాడు గానీ గాలం వదల్లేకపోయాడు. నలభై ఆరులోనో ఏడులోనో, ఆ గాలం పట్టుకుని మా చెరువుకు వచ్చాడు.

మా వాళ్లకు చేప అంటే వల. వేయాలి, లాగాలి, గంపకెత్తి అంగడికి పోవాలి. ఒక మనిషి పొద్దంతా కూర్చుని ఒక్క చేపతో పేచీ పెట్టుకోవడం వాళ్లు ఎరగరు. సాబ్ చేతిలో వేలంత బెత్తం. దానికి ఇత్తడి చరఖీ, చరఖీ నిండా సన్నని పట్టుదారం, నీటి మీద తేలడానికి నెమలీక బెండు. ఒడ్డున ఉన్నవాళ్లు మూతులు తిప్పుకుని నవ్వారు. ఆ దారానికి దోమ కూడా చిక్కదని లింగమూర్తి అన్నాడట. లింగమూర్తి మా నాయనమ్మ తమ్ముడు, అక్క దగ్గరే ఉండేవాడు, నోరు ఊరుకోని మనిషి. సాబ్‌ను పడవలో తిప్పడానికి ఎవరూ లేవకపోతే, సరే చూద్దాం పద అని మా తాత తెడ్డు అందుకున్నాడు.

ఆ రోజు ఒక పెద్ద రవ్వ చేప పడింది. దారం తెగుతుందేమోనని తాత గాభరాపడి పట్టుకోబోతే, సాబ్ టోపీ తీసి ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. చేపను అది పోతానన్నంత దూరం పోనిచ్చాడు. అది అలిసినప్పుడు చుట్టాడు, గుంజినప్పుడు వదిలాడు. పడవను చెరువంతా తిప్పి తిప్పి, చివరికి ఆ రవ్వ దానంతటదే పక్కకు ఒరిగి అంచుకు వచ్చింది. సాబ్ దాన్ని చేతుల్లోకి తీసుకుని ఒకసారి చూసి మళ్లీ నీళ్లలో వదిలేశాడు. ఆయాసంతో కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా నవ్వుతూనే ఉన్నాడు. ఆ పిచ్చి మా తాతకూ అంటుకుంది. ఆ తర్వాత దస్తగిరి సాబ్ వస్తే తెడ్డు ఇంకొకడి చేతికి పోనిచ్చేవాడు కాదు.

సన్నగాలానికి చేపను వెతుక్కుంటూ తిరిగితే లాభం లేదు. చేపే మన దగ్గరికి రావాలి. అందుకని సాబ్ రావడానికి ముందే తాత తవుడు, గానుగ చెక్క, బంకమట్టి కలిపి ముద్దలు చేసి, రోజూ ఒకే చోట నీళ్లలో వదిలేవాడు. ఆ చోటు గుర్తుకు ఒక వెదురు గడ పాతాడు. దాన్ని మేత గడ అంటారు. దీనికి మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. మొదటి ముద్ద వదిలేటప్పుడు అది ఎవరి కోసమో పేరు పెట్టి గంగమ్మకు చెప్పాలి. చెప్పాక ఆ గడ చుట్టూ ఉన్న నీళ్లు ఆ మనిషివే. అక్కడ ఇంకెవరూ వల వేయకూడదు. మేత వేసినవాడు అక్కడి చేప తినకూడదు. ఆ మనిషి ఇక చాలంటేనో, చనిపోతేనో మేత ఆపుతారు. పొద్దున్నే తాత గడ దగ్గర నిలబడి "దస్తగిరి సాబ్ పేరు మీద, తల్లీ" అంటుంటే ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లకు వినపడేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎండాకాలంలో మా వాళ్లు పడవలు ముంచేవారు. ఊరికే వదిలేస్తే ఎండకు చెక్క పగిలి అతుకులు విడిపోతాయి. అందుకని పడవలో రాళ్లు నింపి, లోతు లేని నీళ్లలో పండబెట్టి, తాడుతో గడకు కట్టేవారు. పని పడ్డప్పుడు రాళ్లు తీసేస్తే పడవ లేస్తుంది. నీళ్లు తోడుకుని ఎక్కడమే. మొదటిసారి అది చూసి సాబ్ పడీపడీ నవ్వాడు. సొంత పడవను ముంచుకునే మనుషుల్ని బొంబాయిలో కూడా చూడలేదన్నాడు. మరుసటి వానలకు పైజామా మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగి, తాతతో పాటు తనూ రాళ్లు ఎత్తాడు. పడవ మెల్లగా పైకి వస్తుంటే చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడని నాయనమ్మ చెప్పింది.

మధ్యాహ్నం పూట బండల నీడన పడవ ఆపుకుని ఇద్దరూ రొట్టె తినేవారు. సాబ్ సముద్రం గురించి చెప్పేవాడు. నీళ్లకు ఆవలి ఒడ్డు లేకపోవడం అంటే ఏమిటో తాత ఊహకు అందేది కాదు. ఒకసారి తీసుకుపోతానని, అక్కడ పెంటయ్య గాలం పట్టుకుని దొరలా కూర్చుంటే తాను తెడ్డు వేస్తానని సాబ్ మాట ఇచ్చాడు. తాత ఆ మాట ఇంటికి వచ్చి చెప్పుకుని మురిసిపోయేవాడు.

నలభై ఎనిమిది వచ్చేసరికి రోజులు పాడయ్యాయి. ఊళ్ల మీద రజాకార్లు పడుతున్నారు. ఎవరు ఎవరిని ఎప్పుడు ఏం చేస్తారో తెలియదు. తురకాయనతో తిరుగుతున్నావేందని మా వాళ్లు తాతను తప్పు పట్టారు. ఊరోళ్ల మధ్యకు ఒక్కడివే పోతున్నావేమిటని కోటలోవాళ్లు సాబ్‌ను తప్పు పట్టారు. ఇద్దరూ వినలేదు. కాకపోతే ఆ ఏడు వానాకాలంలో సాబ్ రాక తగ్గింది. ఆఖరుసారి వచ్చినప్పుడు ఆయన చేతిలో గాలం లేదు.

కూతురి దగ్గరికి పోదామనుకుంటున్నాడు. షోలాపూర్ రైలు లింగంపల్లి స్టేషనులో ఎక్కాలి. రోడ్డు మీద పోతే ప్రాణానికి భరోసా లేదు. చెరువు దాటితే ఆవలి బండల్లో నుంచి అడ్డదారి ఉంది.

"గడబిడ ముదిరితే నీ కాడికి వస్త పెంటయ్యా. జర ఆ ఒడ్డుకు దించుతవా?" అని అడిగాడు.

"గదేం మాట సాబ్. మీరు ఎప్పుడొచ్చినా పడవ గడ కాడనే ఉంటది" అన్నాడు తాత.

సెప్టెంబరులో నిజాం మీదికి ఇండియా పటాలాలు వచ్చాయి. ఆకాశంలో విమానాలు తిరిగాయి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని బండల వెనక్కి పోయింది. అప్పుడు మా నాయనమ్మ నిండు చూలాలు. ఆమెను కోకాపేటలో తల్లిగారింట్లో వదిలిపెట్టి వెంటనే తిరిగి రావాలని తాత అనుకున్నాడు. పోయేముందు పడవను ఏం చేయాలి? పైన వదిలేస్తే దోచుకునేవాళ్లు ఎత్తుకుపోతారు. అందుకని గడ పక్కనే రొమ్ములోతు నీళ్లలో ముంచాడు. సాబ్ వచ్చినా ఫికర్ లేదు, ఆయనకు తెలుసు, తాడు చూస్తే కనిపెడతాడు, రాళ్లు తీసుకుంటాడు అనుకున్నాడు. దొంగలు తీయకుండా మాత్రం ఆ ఒక్కసారి, పడవ వెనక భాగంలో ఒక పెద్ద బండ పెట్టాడు. ఇద్దరు మనుషులు ఎత్తాల్సిన బండ అది. తాత ఒక్కడే ఎత్తేవాడు, అది ఆయన గొప్ప. నీళ్లలో పుట్టినట్టు పెరిగిన మనిషికి ఉబ్బసం ఉన్న ముసలాయన అదెలా ఎత్తుతాడన్న ఆలోచనే రాలేదు.

కోకాపేట చేరగానే నాయనమ్మకు నొప్పులు వచ్చాయి. మా నాయన పుట్టాడు. కష్టమైన కాన్పు, తల్లి బతుకుతుందో లేదో తెలియని పరిస్థితి. తాత కదల్లేకపోయాడు. అక్కడున్నన్నాళ్లూ ఒకటే వాన. తిరిగి వచ్చి చూస్తే చెరువు నిండి ఉంది. మేత గడ కొస మాత్రం నీళ్లపైన కనిపిస్తోంది. పడవ ఎక్కడో లోతున ఉండిపోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గాక తీసుకోవాల్సిందే.

తాత గోల్కొండకు పోయాడు. దస్తగిరి సాబ్ ఇంటికి తాళం ఉంది. పక్కింటి ముసలామె తలుపు సందులోంచి చెప్పింది. గలాటా మొదలైన పొద్దున్నే సంచి, గాలం పట్టుకుని సాబ్ బయలుదేరాడట. ఎటు పోతున్నావంటే, పెంటయ్య పడవ ఉంది, నాకేం భయం అన్నాడట. ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

తాత ఆ మాట మోసుకుని ఇంటికి వచ్చాడు. ఇక ఆయనకు నిద్ర లేదు, తిండి లేదు. సాబ్ వచ్చాడు, పడవ కనపడలేదు, పెంటయ్య మాట తప్పాడనుకుని వెనక్కి తిరిగాడు, రోడ్డు మీద ఎవరి చేతుల్లోనో పడ్డాడు. తాత మనసులో ఇదే తిరుగుతుండేది. ఆయన పోయాడేమోనన్న బాధ ఒకటి. పోతూ పోతూ తనను నమ్మకద్రోహి అనుకున్నాడేమోనన్న బాధ అంతకంటే ఎక్కువ. లేదు, ఎట్లాగో షోలాపూర్ చేరే ఉంటాడని లింగమూర్తి సముదాయించేవాడు. తాత తలూపేవాడు. మరుసటి పొద్దున మేత ముద్దలు చేసుకుని లింగమూర్తి తెప్ప మీద గడ దగ్గరికి పోయేవాడు. "దస్తగిరి సాబ్ పేరు మీద, తల్లీ."

ఇంట్లో తవుడు కూడా అపురూపమైన రోజులు. పచ్చి బాలింత గంజి తాగుతుంటే మొగుడు మేత చెరువులో పోస్తున్నాడు. నాయనమ్మ మొత్తుకుంది. మేత ఆపితే ఆయన లేడని నా నోటితో నేను ఒప్పుకున్నట్టేనని తాత అన్నాడు.

ఆ చలికాలం నుంచి గడ దగ్గర నీళ్లు మారాయని నాయనమ్మ చెప్పింది. ముద్ద పడకముందే అడుగు నుంచి బుడగలు వచ్చేవి. గాలి లేకున్నా గడ కొస ఊగేది. చెరువులో ఎక్కడా లేనన్ని చేపలు అక్కడే తిరిగేవి, తెప్ప వస్తే బెదిరేవి కావు. తాత అక్కడ ఒక్కడే కూర్చుని మాట్లాడేవాడు. ఒకసారి ఆమె పిల్లవాణ్ని చంకనేసుకుని ఒడ్డుకు వెళ్లి పిలిస్తే, ఆగమని చేయి అడ్డం పెట్టాడు. సాబ్ దగ్గుతున్నాడు, వింటున్నానన్నాడు. ఆమె నిలబడి విన్నది. తనకూ వినిపించిందని నాతో చెప్పింది.

ఆ చేపలు చూసి లింగమూర్తి ఆగలేకపోయాడు. తాత అంగడికి పోయిన రోజు చూసి గడ దగ్గర వల వేశాడు. అంత లావు రవ్వ చేపను అంతకుముందు ఎవరూ చూడలేదట. అక్క ఒంట్లో నెత్తురు లేదు, తిననీ అని తెచ్చి ఇచ్చాడు. నాయనమ్మ వండింది, తిన్నది. తాత ఇంటికి వచ్చి ముల్లు చూసి గుర్తు పట్టాడు. తిట్టలేదు. గిన్నె తీసుకుపోయి కడిగి బోర్లించి, అరుగు మీద కూర్చున్నాడు.

సంక్షోభం సద్దుమణిగాక జైనబ్ తండ్రిని వెతుక్కుంటూ వచ్చింది. బుర్ఖా వేసుకున్న సన్నపాటి మనిషి, వెంట మరిది. షోలాపూర్‌కు సాబ్ చేరలేదు. పక్కింటామె చెప్పిన మాట పట్టుకుని నేరుగా మా గుడిసె ముందుకు వచ్చి నిలబడింది. మా అబ్బా నీ దగ్గరికి వచ్చాడా అని ఒక్కటే ప్రశ్న అడిగింది.

"రాలేదమ్మా" అన్నాడు తాత. "వస్తే నేను దించకపోదునా."

ఆమె చాలాసేపు చెరువు వంక చూసి వెళ్లిపోయింది. ఆమె పోయాక తాత వాకిట్లో కూలబడ్డాడు. ఆడపిల్లకు అబద్ధం చెప్పానేమోనని ఏడ్చాడు. చెప్పింది అబద్ధమో నిజమో ఆయనకే తెలియదు.

ఎండాకాలం వచ్చింది. నీళ్లు తగ్గుతూ తగ్గుతూ, గడ సగం దాకా బయటపడింది. ఒక పొద్దున తాత, లింగమూర్తి పడవ తీయడానికి దిగారు.

పడవ పక్కకు తిరగబడి ఉంది. ముందు భాగంలో ఒక్క రాయి లేదు, నడుమ లేదు. తీసిన రాళ్లన్నీ కొంచెం దూరంలో ఒకదాని పక్కన ఒకటి, వరసగా ఉన్నాయి. సర్వే మనిషి, నీళ్లలో రాయి పెట్టినా హద్దు పెట్టినట్టే పెట్టాడు. వెనక భాగంలో తాత పెట్టిన బండ ఒక్కటే మిగిలింది. ముందు తేలికై, వెనక బరువై, దాన్ని కదిలించబోతే పడవ ఆయన మీదికి ఒరిగింది. దాని కింద బురదలో ఆయన ఉన్నాడు. ఒక చేయి ఇంకా బండను చుట్టుకునే ఉంది. చరఖీ, ఆయన ఎప్పుడూ కట్టుకునే చోటే, పడవ ముందు చెక్క కింద గుడ్డలో చుట్టి కట్టి ఉంది. పడవ లేస్తుందని, ఎక్కి పోతానని అంత నమ్మకం ఆయనకు.

మేత ముద్దలు పడింది ఆయన మీదే. ఆయన పేరు చెప్పి మరీ వేశాడు తాత. లింగమూర్తి ఒడ్డుకు వచ్చి వాంతి చేసుకున్నాడు. నాయనమ్మ ఆ రోజు నుంచి దుర్గం చెరువు చేప ముట్టలేదు. తాత మాత్రం నీళ్లలోనే నిలబడి, ఆ బండను ఒక్కడే ఎత్తి అవతల పడేశాడట. అంత బలం ఉండి ఏం లాభమని అప్పుడే అన్నాడట.

గోల్కొండ నుంచి పెద్దలు వచ్చి ఆయన్ను తీసుకుపోయి మట్టిచేశారు. తాత చివరి దాకా వెనకే నడిచాడు. కబురందుకుని జైనబ్ మళ్లీ వచ్చింది. తాత చరఖీ ఆమె చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. బండ సంగతి కూడా దాచలేదు. ఆమె ఏడ్చి ఏడ్చి, తేరుకుని, తాతను ఓదార్చబోయింది. పడవ ఎక్కడుందో అబ్బాకు తెలుసు, నువ్వు మాట తప్పావని అనుకోలేదు, నీ మీద కోపంతో పోలేదని చెప్పింది.

"కోపమొస్తే మంచిగుండేదమ్మా" అన్నాడు తాత. "కోపమొస్తే వెనక్కి మళ్లిపోతుండె. నన్ను నమ్మి సచ్చిపోయిండు."

ఆ తర్వాత గడ పీకేశాడు. వేరే సాబ్‌లు వచ్చి అడిగినా గాలానికి పడవ నడపలేదు. వల వేసుకుని బతికాడు. సముద్రం చూడలేదు. మా నాయన పెద్దవాడై ఎప్పుడో చూపిస్తానంటే, తీసుకుపోతానన్న మనిషి వేరే ఉన్నాడని రానన్నాడు.

ఇంకొకటి. ఎండాకాలం వస్తే అందరూ పడవలు ముంచేవారు. తాత ముంచేవాడు కాదు. తెడ్డు లోపల పెట్టి, ఒకప్పుడు గడ ఉన్న చోటికి దగ్గరలో నీళ్ల మీదే వదిలేవాడు. ఎండకు చెక్క పగిలేది. తారు పూసేవాడు. మళ్లీ పగిలేది. బెస్తవాడై ఉండి పడవను చంపుకుంటున్నాడని అందరూ నవ్వారు. నాయనమ్మ మాత్రం ఒకే ఒక్కసారి అడిగింది, ఎవరి కోసమని.

"ఎవరన్న వస్తరు" అన్నాడట తాత. "రాయి ఎత్తే పని లేకుంట ఎక్కి పోవాలె."